హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఎప్పుడు మూతపడింది?

మల్కాజిగిరి శ్రీను అడిగారు:

అందరికీ నమస్కారం.

మా అమ్మ వాళ్ల నాన్న హైదరాబాదులో పోలీసు శాఖలో బూట్లు కుట్టే పని చేసేవారు. పోలీసు లైనులో చిన్నా పెద్దా అందరూ ఆయనను మోచీ సాబ్ అని పిలిచేవారట. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. పోయిన నెల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక రేకు పెట్టె కనిపించింది. అందులో చెక్క పిడి ఉన్న ఆరె, రెండు దబ్బనాలు, నల్లబడిన మైనం ముద్ద ఉన్నాయి. అన్నిటికీ అడుగున గాలి పోయి అప్పడంలా అణగిపోయిన తోలు బంతి ఒకటి ఉంది. దాని మీద ఇనుము కాల్చి వేసిన ముద్ర: హెచ్.సి.పి.

అమ్మను అడిగితే, "అది ఫుట్‌బాల్ వాళ్ల బంతి. వాళ్లు బొంబాయిలో కప్పు గెలిచిన బంతులన్నీ మా నాన్నే కుట్టాడు" అంది. అమ్మ మాటల్లో నాన్న గొప్ప కొంచెం ఎక్కువే ఉంటుంది కాబట్టి మొదట పట్టించుకోలేదు. తరువాత వెతికితే హైదరాబాద్ సిటీ పోలీస్ అనే జట్టు నిజంగానే ఉండేదని తెలిసింది.

నాకు ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ ఎఫ్‌సీయే. మా అబ్బాయిని భుజాల మీద ఎక్కించుకుని గచ్చిబౌలి స్టేడియానికి తీసుకుపోయేవాణ్ణి. 2022లో ఆ జట్టు గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రి మా వీధిలో టపాసులు కాల్చింది మేమిద్దరమే. ఇప్పుడది పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. "మన ఊరికి ఇంకో టీము లేదా నాన్నా?" అని వాడు అడిగితే ఈ పోలీసు జట్టు సంగతి చెప్పాను. వాడు వెంటనే, "అది ఎప్పుడు మూతపడింది?" అన్నాడు.

అక్కడ ఆగిపోయాను. ఎంత వెతికినా ఆ తేదీ దొరకలేదు. తెలిసినవారు చెప్పగలరా? ఆ జట్టు నిజంగా అంత గొప్పదా? ఎప్పుడు మూతపడింది? ఎందుకు?

తూర్పు గ్యాలరీ జవాబు:

గొప్పదే. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్లు గెలిచింది. కోచ్ రహీం సాబ్. ఆ మధ్య ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది కదా, చూసే ఉంటారు.

ఎందుకు పోయిందంటారా, క్రికెట్ మింగేసింది. 1983లో ప్రపంచ కప్పు వచ్చాక ఈ దేశంలో ఇంకో ఆట బతికి బట్టకట్టిందా? హైదరాబాద్ అసలే క్రికెట్ ఊరు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

పాత పీఈటీ, నల్లగొండ జవాబు:

శ్రీను గారూ, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న బాగుంది. దానికి నేరుగా జవాబు లేదు. ఆ జట్టు మూతపడిన తేదీ ఏదీ లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నేను ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి, ఇప్పుడు డెబ్బై నాలుగు. మాట పెరిగితే ఓర్చుకోండి.

ముందు లెక్క సరిచేస్తాను. ఈ లెక్క తప్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో మొదలైంది. ఇంగ్లీషు పటాలాలు తమలో తాము ఆడుకోవడానికి పెట్టుకున్న పోటీ అది. మన సిటీ పోలీస్ ఆ కప్పును 1950, 51, 52, 53, 54ల్లో వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. ఇంకెవ్వరికీ అది చేతకాలేదు. 2000–01తో ఆ పోటీయే ఆగిపోయింది కాబట్టి ఇక ఎవరికీ చేతకాదు కూడా. ఆ తరువాత 1957లో మళ్లీ గెలిచారు. 1960లో ఒకటి, 1962లో కలకత్తా జట్టు ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడిగా ఒకటి, 1963లో ఒకటి. మొత్తం తొమ్మిది. కానీ చాలా పట్టికల్లో ఆరే కనిపిస్తాయి. కారణం ఏమిటంటే, 1956 నవంబరులో రాష్ట్రం మారింది, ఆ తరువాత కొన్నేళ్లకు జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. లెక్కలు రాసేవాళ్లు రెండు పేర్లు చూసి రెండు జట్లు అనుకున్నారు. పోలీసులు వాళ్లే, మైదానం అదే, కోచ్ ఆయనే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపడుచును వేరే మనిషి అంటామా?

అప్పట్లో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు నాలుగు: 1950, 1954, 1957, 1961. అందులో 1950ది స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి డ్యూరాండ్. ఫైనల్లో ఎదురుగా మోహన్ బగాన్. మొదటిసారి తేలక, రెండోసారి ఆడి గెలిచారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌ను, 1961లో మళ్లీ మోహన్ బగాన్‌ను ఓడించారు. కలకత్తాలో ఆ రెండు జట్ల పేరు చెబితే ఊరు ఊరంతా రెండుగా చీలేది. అలాంటి జట్లను ఓడించినవాళ్లు మన కానిస్టేబుళ్లు, జమేదార్లు. పొద్దున కవాతు, సాయంత్రం బంతి.

ఇక రహీం గారు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో పుట్టారు, ఉస్మానియాలో బీఏ చదివారు. సినిమా చూసినవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది: ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠం చెప్పారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి చనిపోయేదాకా సిటీ పోలీస్ కోచ్, దాదాపు అదే కాలంలో భారత జట్టుకూ కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. ఇవన్నీ ఒక పంతులు చేతి మీదుగా వచ్చినవే. దేశం జట్టుకు మనుషులు కావాలంటే ఆయన ఎక్కువ దూరం వెతకలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఇద్దరూ సిటీ పోలీస్ మనుషులే, 1952 హెల్సింకీకీ 1956 మెల్‌బోర్న్‌కూ వెళ్లారు. హెల్సింకీలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయ్యారు. ఆ దెబ్బతో దేశం బూట్లు వేసుకుంది. అప్పటి నుంచి మీ తాతగారికి చేతినిండా పని దొరికి ఉంటుంది.

రహీం గారిని నేను చూడలేదు. చూశానని చెప్పుకునేవాళ్లు నా వయసువాళ్లలో చాలామంది ఉన్నారు, నేను ఆ అబద్ధం ఆడను. ఆయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. కానీ వ్యాయామ విద్యలో శిక్షణ పొందేటప్పుడు మాకు ఫుట్‌బాల్ నేర్పిన గురువుగారు ఆయన దగ్గర నేర్చుకున్న మనిషి. మొదటి రోజు మమ్మల్ని రెండు జట్లు చేసి, ఒక్కటే నియమం పెట్టారు. బంతి కాలికి తగిలిందంటే అదే తాకుడుతో ఇంకొకడికి ఇచ్చేయాలి. కాళ్ల మధ్య ఆడించుకుంటూ పరుగెత్తడం నిషేధం. రెండుసార్లు తాకితే బంతి అవతలి జట్టుకు. ఐదు నిమిషాల్లో మాకు ఏడుపొచ్చింది. బంతి రాకముందే ఎవడికి ఇవ్వాలో చూసుకోవాలి, ఇచ్చాక నిలబడిపోకుండా ఖాళీ చోటికి వెళ్లాలి. నోరు మూసుకుని ఆడేవాడు బతకలేడు, "ఇటు, ఇటు" అని అరుస్తూనే ఉండాలి. ఇది రహీం గారి కషాయం అని గురువుగారు నవ్వారు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు హైదరాబాదులో ఆయన ఏకంగా టోర్నమెంట్లుగా పెట్టేవారు. బలహీనమైన కాలితోనే తన్నాలని మరో నియమం. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి.

నేను ఉద్యోగంలో చేరాక నల్లగొండ జిల్లాలో ఒక బడిలో ఏడో తరగతి పిల్లల మీద ఆ కషాయం ప్రయోగించాను. మైదానం అనకూడదు, చుట్టూ పల్లేరుకాయలు, ఒక వైపు గోలుపోస్టు ఒక వేపచెట్టు. బాగా ఆడే కుర్రాడు ఒకడుండేవాడు, ముగ్గురిని తప్పించుకుని పోగలడు. ఈ నియమం పెట్టేసరికి వాడు అలిగి బావి గట్టు మీద కూర్చున్నాడు. మూడో రోజు తనే వచ్చాడు. అంతకుముందు బంతి తాకని పిల్లలు నలుగురు ఆ మూడు రోజుల్లో ఆటగాళ్లయ్యారు. ఒక్కడి మీద ఆధారపడని ఆట అంటే ఏమిటో అక్కడ నాకు కళ్లకు కట్టింది. సిటీ పోలీస్ ఐదేళ్లు వరసగా ఎలా గెలిచిందో కూడా.

ఇప్పుడు తూర్పు గ్యాలరీ గారి మాట. అయ్యా, 1983ను ఈ నేరం నుంచి వదిలేయండి. పోలీసు జట్టు చివరి రోవర్స్ కప్పు గెలిచింది 1963లో. కపిల్ దేవ్ లార్డ్స్‌లో కప్పు ఎత్తేనాటికి ఇరవై ఏళ్లు గడిచాయి. చచ్చిన ఇరవై ఏళ్లకు వచ్చినవాడి మీద హత్యానేరం ఎలా మోపుతారు?

రహీం గారు 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు, ఆయనతోనే జట్టూ పోయింది అని చెప్పేవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఏడాది రోవర్స్ కప్పు ఆంధ్ర పోలీస్‌దే. 1965లో రాష్ట్రం జట్టు, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. ఆయన వేసిన చెట్టు ఆయన తరువాతా రెండు మూడేళ్లు కాసింది. కాయలు కోసుకుపోయినవాళ్లు వేరే ఉన్నారు.

నాకు అర్థమైనంతవరకు అసలు సంగతి ఉద్యోగం. సిటీ పోలీస్ అంటే క్లబ్బు కాదు. దానికి సభ్యులు లేరు, చందాలు లేవు, టికెట్ల ఆదాయం లేదు. శాఖ దాన్ని పోషించింది. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే పెద్ద అధికారులు అప్పట్లో శాఖలో ఉన్నారు, బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే ఖాకీ తొడిగి తెచ్చుకునేవారు. ఖాకీ అంటే నెల జీతం, లైనులో ఇల్లు, ముసలితనంలో పింఛను. యాభైల్లో పాతబస్తీలో, బార్కస్‌లో, సికింద్రాబాద్ బస్తీల్లో పేదింటి కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? ఆ జీతం వాళ్లను పదేళ్లు ఒక్కచోట కట్టి ఉంచింది. పదేళ్లు కలిసి ఆడిన పదకొండు మంది కళ్లు మూసుకుని కూడా బంతి ఇచ్చుకోగలరు. అరవైల్లో అదే కట్టు తెగింది. కలకత్తా క్లబ్బులు కానిస్టేబుల్ జీతం కంటే ఎన్నో రెట్లు ఇవ్వసాగాయి. ఇతర ప్రభుత్వ సంస్థలు కూడా ఆటగాళ్లకు కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు ఇచ్చాయి. వాటిలో రాత్రి గస్తీ లేదు, బందోబస్తు లేదు. పోలీసువాడు సెలవు పెట్టి ఇంకో జట్టుకు ఆడలేడు. ఖాకీ విప్పి వెళ్లాలి. విప్పి వెళ్లారు. ఖాళీ అయిన చోట్లలో ఆటగాణ్ణే చేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న అధికారులు ఒక్కొక్కరే పదవీ విరమణ చేశారు.

అందుకే మూతపడిన తేదీ లేదు. తలుపు ఎవరూ వేయలేదు. శాఖకు ఫుట్‌బాల్ జట్టు ఆ తరువాత కూడా ఉంది. బి.ఎన్. ముల్లిక్ పేరు మీద అఖిల భారత పోలీసు పోటీలు జరుగుతాయి, వాటికి పంపేవారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ పోలీసు జట్టూ వెళ్తోంది. కాకపోతే బొంబాయిలో కూపరేజ్ మైదానం గ్యాలరీలు ఆ పేరు విని లేచి నిలబడడం మానేశాయి.

ఒక చిన్న పని చేయండి శ్రీను గారూ. ఆ బంతి మీద తోలు ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తాడు వేసి బిగించే చీలిక ఉందా? కుట్లు అన్నీ ఒకే దారంతో ఉన్నాయా? మీ అమ్మగారికి ఆ బొంబాయి ప్రయాణాల గురించి ఇంకేమైనా గుర్తుందేమో అడగండి. మోచీ చేతి పని చాలా సంగతులు చెబుతుంది.

ఖరగ్‌పూర్ రావు జవాబు:

పీఈటీ మాస్టారు చెప్పిన "కాయలు కోసుకుపోయినవాళ్ల" రాష్ట్రంలోనే నేను పుట్టి పెరిగాను కాబట్టి ఇటువైపు మాట ఒకటి. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు వచ్చినవారు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఆదివారం కలకత్తా రైలెక్కి మ్యాచ్‌కు వెళ్లనివాళ్లు తక్కువ. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన తులసీదాస్ బలరాం ఫోటో ఉండేది. అమ్మ దానికీ కుంకుమ పెట్టబోతే నాన్న ఆపారట.

బలరాం గారిది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. రహీం గారి చేతిలో తయారైన మనిషే. అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు వచ్చి సాధన చేయడానికి సైకిలు అద్దె డబ్బులు కూడా రహీం గారే ఇచ్చేవారని ఆయన చెప్పుకునేవారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. ఆరోగ్యం దెబ్బతిని ఇరవై ఏడేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. చివరి జట్టు మా రైల్వేదే, బీఎన్‌ఆర్. తరువాత హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయారు. హైదరాబాద్‌కు తిరిగి రాలేదు. రమ్మని ఎవరు పిలిచారు గనుక?

ఆయన తరువాత వరస కట్టారు. నయీముద్దీన్ మీ పోలీసు జట్టు మనిషి, హబీబ్ హైదరాబాద్ టెలిఫోన్స్‌లో ఆడేవాడు, ఇద్దరూ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు. నయీం 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా వచ్చాడు. 1977లో పెలే అమెరికా జట్టు కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున హబీబ్ ఆడిన ఆట నేను నాన్న పక్కన కూర్చుని చూశాను. 2–2. మ్యాచ్ అయ్యాక జనం పెలే గురించి మాట్లాడుకుంటూ వస్తుంటే, నాన్న మాత్రం హబీబ్ గురించే "మనవాడు" అంటూ హౌరా స్టేషన్ దాకా నడిచారు. మనవాడు అనుకోవడానికి మాకు కలకత్తా కావలసి వచ్చింది.

ఇంకొకటి, శ్రీను గారి తాతగారి కోసం. బలరాం గారు తన చిన్నతనం గురించి చెబుతూ, కొత్త బూట్లు కొనే స్థోమత లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లను మోచీ చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నానని అనేవారు. ఆ మోచీ ఎవరో నాకు తెలియదు, మీ తాతగారే అని అనను. అలాంటి చేతి మీదుగానే ఒక ఒలింపియన్ మైదానంలోకి వచ్చాడని మాత్రం మీ అబ్బాయికి చెప్పండి.

తూర్పు గ్యాలరీ జవాబు:

1983 మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. కానీ క్రికెట్‌ను పూర్తిగా వదలను. ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియంలో, ఫుట్‌బాల్‌కు దొరికిన రోజులెన్ని, క్రికెట్‌కు దొరికిన రోజులెన్ని, అది కూడా లెక్కపెట్టాలి.

మల్కాజిగిరి శ్రీను జవాబు:

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. నేనూ మా అబ్బాయీ రాత్రి భోజనాలయ్యాక నేల మీద పాత చీర పరిచి, బంతిని దాని మీద పెట్టి లెక్కపెట్టాం. తోలు ముక్కలు పద్దెనిమిది. సన్నగా, పొడుగ్గా, మూడేసి చొప్పున ఉన్నాయి. ఒక ముక్క మధ్యలో నాలుగు అంగుళాల చీలిక ఉంది, ఇరువైపులా కన్నాలు, వాటిలో ఎండిపోయిన తోలుతాడు ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. చీలికలో వేలు పెడితే లోపల రబ్బరు తిత్తి పొడిపొడిగా రాలింది. బంతి మొత్తం ఒకే రకం దారం, కానీ ఒకచోట అరచేయంత అతుకు ఉంది. ఆ అతుకు చుట్టూ కుట్లు వేరు. దారం లావుగా ఉంది, కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మా అబ్బాయి వేలితో లెక్కపెట్టి, "ఇక్కడ ఎవరో చాలా జాగ్రత్తగా కుట్టారు నాన్నా" అన్నాడు.

అమ్మకు ఇప్పుడు డెబ్బై ఒకటి. బొంబాయి గురించి అడిగితే మొదట ఏమీ గుర్తు లేదంది. కాసేపటికి తనే వంటింట్లోంచి, "హల్వా" అంది. జట్టువాళ్లు బొంబాయి నుంచి వచ్చినప్పుడు మోచీ సాబ్‌కని ఒక పొట్లం తెచ్చేవారట. పలచగా, కాగితంలా, పొరలు పొరలుగా ఉండేదట. ఆ పొరల మధ్య వెన్నకాగితం ఉంటే, దాన్ని కూడా తినబోయి తన్నులు తిన్నానని అమ్మ నవ్వింది. తెచ్చిన ఆటగాడి పేరు గుర్తు లేదు. చాలా పొడుగ్గా ఉండేవాడని, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చేవాడని మాత్రం గుర్తుంది.

పాత పీఈటీ, నల్లగొండ జవాబు:

అది మాహిమ్ హల్వా. అలా కాగితాల మధ్య పరిచే ఆ మిఠాయికి బొంబాయే పేరు. కాబట్టి మీ అమ్మగారి జ్ఞాపకం గట్టిదే. ఇప్పుడు డెబ్బై ఒకటి అంటే 1954 ప్రాంతం పుట్టుక. వరసగా గెలిచిన ఐదేళ్లు ఆమెకు తెలిసే వీలు లేదు, 1957కు మూడేళ్ల పిల్ల. కాగితం తినబోయి తన్నులు తిన్న వయసు ఆరో, ఎనిమిదో అనుకుందాం. అంటే 1960 లేదా 1962. తొమ్మిదేళ్ల పిల్లకు కాగితం తినకూడదని తెలుస్తుంది కాబట్టి 1963ను వదిలేస్తున్నాను. 1962 కప్పు ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది, మరి హల్వా ఎవరితో పంచుకున్నారో.

బంతి సంగతి. పద్దెనిమిది ముక్కలు, తాడు చీలిక ఉన్నాయంటే ఆ కాలపు బంతే. నేను చిన్నప్పుడు అలాంటిదానితో ఆడాను. పొడిగా ఉన్నప్పుడు పదహారు ఔన్సులు మించదు, వాన పడిందంటే తోలు నీళ్లు తాగి ఇటుకలా అయ్యేది. తాడు ముడి పైకి తిరిగి ఉన్నప్పుడు తల పెట్టి కొడితే నుదుటి మీద ముద్ర పడేది. అందుకే తాడు బిగించి, ముడిని చీలిక లోపలికి తోసి, బంతి నున్నగా ఉండేలా చేయగల మోచీకి జట్టులో గౌరవం ఉండేది. తల పెట్టి కొట్టేవాడికి ఆ మోచీ మీద నమ్మకం ఉండాలి. హల్వా పొట్లం ఊరికే రాలేదు.

ఇక ఆ అతుకు. మ్యాచ్ బంతికి ఎవరూ అతుకు వేయరు, వేస్తే బరువు ఒక పక్కకు లాగుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది బొంబాయి కప్పు బంతి కాదు. మీ అమ్మగారితో ఈ మాట నెమ్మదిగా చెప్పండి, లేదా చెప్పకండి. అది సాధన బంతి. అరిగి, చిరిగి, అతుకు పడి, మళ్లీ మైదానానికి వెళ్లింది. ఒక్క తాకుడుతో ఇచ్చేయాలన్న ఆ కషాయం తాగించింది ఇలాంటి బంతులతోనే.

తూర్పు గ్యాలరీ గారూ, మైదానం లెక్క ఒప్పుకుంటున్నాను. అది వేరే చర్చగా మొదలుపెట్టండి, వస్తాను.

శ్రీను గారూ, ఒక హెచ్చరిక. మీ అబ్బాయి ఉత్సాహపడి కొత్త తిత్తి పెట్టి పంపుతో గాలి కొట్టబోతాడు, కొట్టనివ్వకండి. అరవై ఏళ్ల కుట్లు ఒక్క దమ్ముకు విచ్చుకుంటాయి. నీళ్లతో తుడవకండి, ఎండలో పెట్టకండి. పాత నూలు గుడ్డలు చిన్న చిన్న పీలికలుగా చించి, చీలికలోంచి కొంచెం కొంచెంగా కూరండి. రోజుకు గుప్పెడు చాలు. వారం రోజుల్లో అది మళ్లీ గుండ్రంగా కూర్చుంటుంది. ముద్ర ఉన్న వైపు పైకి పెట్టండి.